చెర్కెజ్-కెర్మెన్: గుహలు చెక్కింది ఎవరు, ఊరు ఏమైంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. నల్ల సముద్రపు క్రిమియా ద్వీపకల్పంలోని ఎస్కి-కెర్మెన్ గుహల వీడియో ఒకటి చూశారు. అందులో గైడు "కింద లోయలో ఒకప్పుడు తాతార్ల ఊరు ఉండేది" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. ఆ గుహలు చెక్కింది ఆ ఊరివాళ్ళేనా, ఊరు ఇప్పుడు మ్యాప్‌లో ఎందుకు కనిపించదు, చుట్టుపక్కల ఇంకేం ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, గుహలు తాతార్లు, అంటే క్రిమియాలో తురుష్క భాష మాట్లాడే ముస్లిం జనం, చెక్కినవి కావు. ఎస్కి-కెర్మెన్ కోట 6వ శతాబ్దం చివర్లో బైజాంటియన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యం అండతో కట్టినది. గోతులు (గోత్ అనే జర్మానిక్ జాతి జనం), అలనులు (ఇరానీ మూలాల సంచార జాతి), గ్రీకు మాట అలవాటైన క్రైస్తవులు అక్కడ ఏడు వందల ఏళ్ళు బతికారు. 13వ శతాబ్దం చివర్లో ఆ పట్నం తగలబడింది. పక్క లోయలోని తాతారు ఊరు చెర్కెజ్-కెర్మెన్ తర్వాతి కాలంది. 1944 మే నెలలో ఊరి జనాన్ని మొత్తం రైళ్ళెక్కించి మధ్య ఆసియాకి పంపేశారు. 1945లో ఊరి పేరు మార్చారు, ఆ తర్వాత ఊరే లేకుండా పోయింది. అందుకే మీకు మ్యాప్‌లో దొరకలేదు.

అయితే "చెక్కినవాళ్ళు వేరు, తాతార్లు వేరు" అని గట్టిగా గీత గీసేసినా తప్పే. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

నా గురించి ఒక మాట. సింఫెరోపోల్‌లో వైద్యం చదవడానికి వెళ్ళిన తెలుగు పిల్లల్లో నేనొకణ్ణి. అనాటమీ అంటే ఇష్టం కావడంతో, తవ్వకాల్లో దొరికిన ఎముకలు శుభ్రం చేసి వరసగా పేర్చడానికి మనుషులు కావాలంటే ఒక వేసవి వెళ్ళాను. ఆ ఒక్కటీ ఐదు వేసవులైంది. చదువు అయిపోయాక కూడా 2013 వరకు సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ లోయలన్నీ నడిచాను. ఇప్పటికీ పాఠం చెప్పేది అనాటమీయే, కానీ ఆ కొండల సంగతి చదవడం మానలేదు.

ముందు గుహల సంగతి. బఖ్చిసరాయ్ పట్నానికి దక్షిణంగా సుమారు 14 కి.మీ. దూరంలో సున్నపురాయి పీఠభూమి ఒకటుంది. పొడవు దాదాపు ఒక కిలోమీటరు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 170 మీటర్లు. అంచులు నిట్టనిలువుగా, కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తున ఉంటాయి. పైన, అంచుల్లో కలిపి 350కి పైగా గుహలున్నాయి. చూసినవాళ్ళంతా జనం ఆ గుహల్లోనే కాపురాలు చేశారనుకుంటారు. నిజానికి ఇళ్ళు నేల మీదే రాతితో కట్టుకున్నారు. వీధులు ఉండేవి, మధ్యలో పెద్ద చర్చి ఉండేది. గుహలు ఆ ఇళ్ళ కింది గదులు, పశువుల కొట్టాలు, ధాన్యపు పాతర్లు, కోటగోడ కాపలా గదులు, చిన్న చిన్న ప్రార్థనాలయాలు. పై కట్టడాలు కూలి రాళ్ళు తరలిపోయాక, కొండలో తొలిచినవి మాత్రం మిగిలాయి. మన పల్లెలో పాత మండువా ఇల్లు పడిపోయి పాతర ఒక్కటే మిగిలితే, "వీళ్ళు పాతర్లో బతికారు" అని ఎవరైనా రాసినట్టుంటుంది ఈ "గుహల పట్నం" అనే మాట.

దక్షిణ ద్వారం దగ్గర నేలరాతిలో బండి చక్రాలు అరగదీసిన గాళ్ళు ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక గాడిలో అరచేయి నిలువుగా పెట్టి చూశాను, వేళ్ళు పూర్తిగా దిగాయి. ఇనుప పట్టా వేసిన చక్రాలు ఎన్ని తరాలు తిరిగితే ఆ రాయి అంత అరుగుతుందో! అంచు లోపలి నుంచి తొలిచిన దిగుడు బావి ఉంది, ఆరు వరసల మెట్లు, 80కి పైగా ఉంటాయి, సుమారు 30 మీటర్ల లోతుకి దిగుతాయి. కోటని ముట్టడించినప్పుడు బయటికి రాకుండా నీళ్ళు తెచ్చుకోవడానికి అది. పీఠభూమి కింద విడిగా పడివున్న ఒక బండరాయిని లోపల గుల్ల చేసి చేసిన చర్చి మరొకటి. గోడ మీద ముగ్గురు గుర్రపు రౌతుల చిత్రం, ఒకడు సర్పాన్ని పొడుస్తుంటాడు. కింద గ్రీకు అక్షరాల్లో, ఆత్మకు మోక్షం కోసం, పాపవిమోచన కోసం ఈ పని చేయించారని రాసి ఉంది. 12, 13 శతాబ్దాల నాటిది.

ఆ పట్నం ఎలా పోయింది? తవ్వకాల్లో 13వ శతాబ్దం చివరి పొరలో కాలిన బూడిద వస్తుంది. బంగారు గుంపు (గోల్డెన్ హోర్డ్ అనే మంగోలు రాజ్యం) సేనాని నొగాయ్ 1299లో క్రిమియా మీద పడ్డాడు. కఫ్ఫా రేవులో పన్ను వసూలుకి వెళ్ళిన అతని మనవణ్ణి చంపేశారు, దానికి ప్రతీకారంగా పట్టణాలు తగలబెట్టించాడు. ఎస్కి-కెర్మెన్ ఆ దెబ్బకే పోయిందని చాలామంది పరిశోధకుల మాట. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. "చూశారా, తాతార్లే కాల్చారు, తాతార్లే కింద కాపురం పెట్టారు" అంటారు. స్టెప్పీ గడ్డి మైదానాల నుంచి వచ్చిన నొగాయ్ సైన్యాన్నీ, ఆరు వందల ఏళ్ళ తర్వాత ఆ లోయలో తోటలు పెంచుకున్న రైతునీ ఒకే పేరు చూసి ఒకటి చేయడం అది.

కొండ ఊళ్ళ తాతార్లు ఎవరు? నాకు బాగా ముఖ్యమనిపించేది ఇదే. పక్కనే మంగుప్ కొండ ఉంది, సుమారు 90 హెక్టార్ల పెద్ద పీఠభూమి. ఎస్కి-కెర్మెన్ కాలిపోయాక కూడా అక్కడ థియోడోరో అనే చిన్న క్రైస్తవ రాజ్యం నడిచింది. 1475లో నెలల తరబడి ముట్టడి తర్వాత అది ఉస్మానీ తురుష్కులకు లొంగిపోయింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మంగుప్ ఖాజీ పరిధిలోకి వచ్చి, 1774 వరకు నేరుగా సుల్తాను ఏలుబడిలో ఉన్నాయి, క్రిమియా ఖాను కింద కాదు. ఆ మూడు వందల ఏళ్ళలో జనం మారిపోలేదు, జనం మాట మారింది, మతం మారింది. గోతులు, అలనులు, గ్రీకుల వారసులు కొంచెం కొంచెంగా తురుష్క భాషలోకి, చాలామంది ఇస్లాంలోకి వెళ్ళారు. స్టెప్పీ తాతార్లు ఈ కొండవాళ్ళని "తాత్" అని వేరే పేరుతో పిలిచేవాళ్ళు. 1560ల నాటికి కూడా గోతు మాటలు బతికే ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో రాయబారిగా ఉన్న బుస్బెక్ క్రిమియా నుంచి వచ్చినవాళ్ళని కూచోబెట్టుకుని కొన్ని గోతు పదాలు రాసిపెట్టుకున్నాడు.

దీనికి అద్దం పట్టే సంగతి ఇంకొకటి. 1778లో రష్యా 30 వేలకు పైగా క్రిమియా క్రైస్తవులని అజోవ్ సముద్రపు ఉత్తర తీరానికి తరలించింది, నేటి మరియుపోల్ ప్రాంతానికి. వాళ్ళలో "గ్రీకులు" అని రాసుకున్న చాలామంది ఇంట్లో మాట్లాడేది తాతారు మాటే. మతం మారనివాడు గ్రీకు అయ్యాడు, మారినవాడు తాతారు అయ్యాడు, ఇద్దరి ముత్తాతలూ ఒకే చర్చికి వెళ్ళి ఉండొచ్చు. కాబట్టి గుహలు తాతార్లు చెక్కలేదన్న మాట నిజమే, కానీ చెక్కినవాళ్ళ వారసుల్లో కొందరు తాతార్లుగానే ఆ లోయలో ఉన్నారని చెప్పడానికి బలమైన ఆధారాలున్నాయి.

ఎముకలు చూసి చెప్పొచ్చు కదా అని నన్ను అడుగుతుంటారు. చెప్పలేం. పాత సమాధుల్లో పొడుగ్గా సాగిన పుర్రెలు వస్తాయి, పసితనంలో తలకి గట్టిగా పట్టీ కట్టి అలా పెంచేవాళ్ళు. గద్ద తల ఉన్న పెద్ద బెల్టు బకిళ్ళు ఆడవాళ్ళ సమాధుల్లో వస్తాయి. ఇవి ఆచారం సంగతి చెప్తాయి, వేషం సంగతి చెప్తాయి. "ఇతను గోతు, ఇతను అలను" అని తొడ ఎముక మీద రాసి ఉండదు.

1578లో ఇక్కడికి వచ్చిన పోలండు రాయబారి బ్రొనెవ్‌స్కి చెర్కెజ్-కెర్మెన్ గురించి రాశాడు. పక్కనున్న పాత కోట పేరు తురుష్కులకి తెలియదు, తాతార్లకి తెలియదు, చివరికి గ్రీకులకి కూడా తెలియదని అతను చెప్పాడు. అంటే మూడు వందల ఏళ్ళలోపే అసలు పేరు జనం నోట్లోంచి పోయింది. "ఎస్కి-కెర్మెన్" అంటే "పాత కోట" అని మాత్రమే. మన ఊళ్ళలో పాటిగడ్డ, కోటదిబ్బ అన్నట్టు. మీరు వీడియోలో విన్న పేర్లన్నీ ఆ ఊరివాళ్ళు ఇచ్చినవే. కిజ్-కులె అంటే కన్నె బురుజు, ఊరి లోయ మీద కొండకొమ్మున నిలబడి ఉంటుంది. కోబా అంటే గుహ, దెరె అంటే లోయ, కాయా అంటే బండ, చెష్మె అంటే ఊటనీటి తొట్టి. గుహలు చెక్కినవాళ్ళు ఆ చోటుని ఏమని పిలిచారో తెలియక, పండితులు ఒకప్పటి "దొరోస్" అనే పట్నం ఇదేనని కొందరు, కాదు మంగుప్ అని కొందరు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1928 నుంచి ఇక్కడ తవ్విన రెప్నికోవ్ మొదటి పక్షం. ఇప్పుడు ఎక్కువమంది మంగుప్ వైపే మొగ్గుతారు.

ఈ చోటు చరిత్రని ఎవరికి కావలసినట్టు వాళ్ళు వాడుకున్నారు. 1930లలో సోవియట్ పండితుడు రవ్దొనికాస్ గోతులు బయటినుంచి రాలేదు, స్థానికులే అలా మారారని ఆనాటి అధికార సిద్ధాంతానికి సరిపోయేలా రాశాడు. 1942లో జర్మన్ సేనాపతి మాన్‌స్టైన్ సెవస్తోపోల్ రేవు పట్నం మీద దాడిని చెర్కెజ్-కెర్మెన్ దగ్గరి కొండ మీద నుంచే చూశాడు, ఇది ఒకప్పటి గోతుల చోటు అని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నాజీలు క్రిమియాకి "గోతుల నేల" అని పేరు పెట్టి జర్మన్లతో నింపాలనుకున్నారు. 1952లో సింఫెరోపోల్‌లో పెట్టిన పెద్ద సదస్సులో క్రిమియా చరిత్రలో స్లావుల పాత్ర పెంచమని, తాతార్లది తగ్గించమని తీర్మానించారు. ఇన్ని మలుపుల్లోనూ లోయలో నిజంగా బతికిన ఊరి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. రాయగలిగిన తాతారు పరిశోధకులు లేక కాదు. 1920లలో బఖ్చిసరాయ్ మ్యూజియం నడిపిన ఉసేయిన్ బొదానిన్‌స్కి, శాసనాలు, వంశ ముద్రలు సేకరించిన ఒస్మాన్ అక్చొక్రాక్లి, ఇద్దరినీ 1938 ఏప్రిల్ 17న కాల్చి చంపారు. వాళ్ళు బతికి ఉంటే మీ ప్రశ్నకి జవాబు నాకంటే ఎంతో బాగా దొరికేది.

ఊరు ఎలా పోయింది. 1944 మే 18 తెల్లవారుజామున మొదలుపెట్టి రెండు మూడు రోజుల్లో 1.9 లక్షల మంది తాతార్లని సరుకు రైళ్ళలో ఎక్కువగా ఉజ్బెకిస్తాన్‌కి పంపారు. జర్మన్లతో కలిసారన్న నింద జాతి మొత్తం మీద వేశారు. ఎర్ర సైన్యంలో పోరాడుతున్న తాతార్లని కూడా తర్వాత వెనక్కి రప్పించి అక్కడికే పంపారు. ఆ పైన 1944 డిసెంబరు నుంచి 1948 వరకు ఆజ్ఞల మీద ఆజ్ఞలు వేసి వెయ్యికి పైగా ఊళ్ళ పేర్లు మార్చారు. చెర్కెజ్-కెర్మెన్ "క్రెప్కోయె" అయింది, "గట్టిది" అని అర్థం. పక్కన బియుక్-కారలెజ్ "క్రాస్నీ మాక్" అయింది, అంటే ఎర్ర గసగసాల పువ్వు. ఆ ఊరు ఇప్పటికీ ఉంది, ఎస్కి-కెర్మెన్‌కి దారి అక్కడి నుంచే. క్రెప్కోయె మాత్రం నిలబడలేదు.

నేను చేసిన తప్పొకటి ఇక్కడ చెప్పాలి. రెండో వేసవిలో లోయ పక్కన చిన్న ట్రెంచ్ తవ్వుతున్నాం. పై అడుగున్నర మట్టిలో పచ్చ మెరుగు పూసిన గిన్నె పెంకులు, ఒక తుప్పు పట్టిన తాళం, దీపం గాజు ముక్కలు వచ్చాయి. నేను అవన్నీ చెత్త కుప్పలో పోసేశాను, అసలు సంగతి కింద ఉందనుకుని. సాయంత్రం మా ట్రెంచ్ చూసే పెద్దాయన ఆ కుప్ప దగ్గర కూచుని ఒక్కొక్కటే ఏరి నా చేతిలో పెట్టాడు. "ఇది ఎవరి ఇల్లో తెలుసా?" అన్నాడు, అంతే. ఆ రాత్రి ఆ తాళం బ్రష్‌తో శుభ్రం చేశాను. లోపల తాళంచెవి తిప్పి వదిలేసినట్టు నాలుక బయటికే ఉంది. ఇంటికి తాళం వేసి వెళ్ళారు. మళ్ళీ వస్తామనుకున్నారు. ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా పై పొరకి కూడా సంచీ, చీటీ, నంబరు పెట్టడం మానలేదు.

ఊరి గోడలు మిగలకపోతే ఊరిని ఎలా పట్టుకోవాలి? నేను మూడిటి మీద ఆధారపడతాను. ఒకటి నీళ్ళు: తాతారు ఊరు చెష్మె లేకుండా ఉండదు, చెక్కిన రాతి తొట్టి పగిలినా ఊట అక్కడే ఉంటుంది. రెండు సమాధులు: నిలువు రాళ్ళు పీకేసినా వరసలు గడ్డిలో కనిపిస్తాయి. మూడు చెట్లు, అన్నిటికంటే నమ్మకమైనవి ఇవే. కొండ తాతార్లు అడవిలోని అడవి బేరి చెట్లకి మంచి రకాల అంటు కట్టి పెంచేవాళ్ళు. ఆ అడవి తోటల్ని "చాయిర్" అంటారు. 1944 తర్వాత చూసేవాళ్ళు లేక అవి అడవిలో కలిసిపోయాయి. అయినా నడుచుకుంటూ పోతుంటే చెట్టు మొదట్లో ఒక బుడిపె, దాని కింద ముళ్ళ అడవి బెరడు, పైన నున్నటి బెరడు కనిపిస్తాయి. అది ఎవరో కత్తితో చీల్చి, కొమ్మ పెట్టి, బట్టతో కట్టిన చోటు. ఆ బుడిపె మీద చేయి వేస్తే నాకు ఏ శాసనం ముట్టుకున్నా కలగని భావం కలిగేది.

2003లో ఒక ముసలావిడతో ఆ లోయలో నడిచాను. వాళ్ళు 1990లో ఉజ్బెకిస్తాన్ నుంచి తిరిగొచ్చారు. 1944లో వెళ్ళేటప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. నేను "కర్తానా" అని, అంటే అమ్మమ్మా అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను "బాలమ్" అనేది, అంటే బిడ్డా అని. ఊరి ఆనవాలు నాకు తెలుసు, చూపిస్తానని నేనే ముందు నడిచాను. ఆవిడ ఆగిపోయి ఎడమ పక్క పొదల్లోకి తిరిగింది. వాల్‌నట్ చెట్టు ఒకటి, పెద్దది. దాని నుంచి అడుగులు లెక్కపెట్టింది, చిన్నపిల్ల అడుగులు గుర్తున్నాయేమో, మధ్యలో ఆగి సరిచేసుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఒక చోట కూచుని చేత్తో ఆకులు తీసింది. గడప రాయి. మధ్యలో అరిగి పల్లంగా ఉంది. ఆవిడ ఏడవలేదు. కొంగులోంచి రొట్టె తీసి విరిచి సగం నాకిచ్చి, గడప మీద కూచుని తిన్నది. నేను పదిసార్లు ఆ పొదల పక్కనుంచి వెళ్ళాను, ఒక్కసారీ చూడలేదు.

చుట్టుపక్కల చూడదగ్గవి మీరు అడిగారు కాబట్టి క్లుప్తంగా. మంగుప్ గురించి చెప్పాను, అక్కడ పెద్ద చర్చి పునాదులు, కోటగోడలు, లోయలో కరాయిత్ యూదుల శ్మశానం ఉన్నాయి, దానికి ఒక రోజు పూర్తిగా కావాలి. చెర్కెజ్-కెర్మెన్ లోయ అంచులోనే "దాతల గుడి" అనే చిన్న గుహ చర్చి ఉంది, చేయించినవాళ్ళ బొమ్మలు గోడ మీద ఉండేవి, చాలా మసకబారాయి. బఖ్చిసరాయ్ దగ్గర చుఫుత్-కాలె, తెపె-కెర్మెన్, కాచి-కాలియన్, అన్నీ ఇలాంటివే.

వెళ్ళొచ్చా? ఇప్పుడు వద్దు. 2014 నుంచి క్రిమియా రష్యా ఆధీనంలో ఉంది, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని ఉక్రెయిన్ భాగంగానే గుర్తిస్తుంది. 2022 నుంచి యుద్ధం నడుస్తోంది, సింఫెరోపోల్‌కి పౌర విమానాలు ఆగిపోయాయి. ఆక్రమణలో ఉన్న నేల మీద తవ్వకాలు జరపడం 1954 నాటి హేగ్ ఒడంబడికకి విరుద్ధమని ఉక్రెయిన్ అంటోంది. నా అభిప్రాయం కూడా అదే, అందుకే 2013 తర్వాత పిలుపులు వచ్చినా నేను వెళ్ళలేదు. ఎప్పుడైనా పరిస్థితి మారి వెళ్తే, నేల మీద కనిపించిన పెంకు కూడా జేబులో వేసుకోకండి. 1990ల నుంచి మెటల్ డిటెక్టర్లతో దొంగ తవ్వకాలు చేసేవాళ్ళు ఆ లోయల్లో సమాధుల్ని జల్లెడ చేశారు. బకిల్ పట్టుకుపోయి ఎముకలు బయట పారేస్తారు. నేను శుభ్రం చేసిన ఎముకల్లో సగం అలా దొరికినవే.

ఇంట్లో కూచునే మీరు చేయగలిగింది ఒకటుంది. 1842 నాటి రష్యన్ సైనిక పటం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో "చెర్కెస్-కెర్మెన్" అని వెతకండి, "జ" బదులు "స" ఉంటుంది. ఊరి చుక్క దొరికాక అదే చోటుని ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో పెట్టి చూడండి, వేసవిలో తీసిన చిత్రమైతే మంచిది. లోయంతా ఒకే పచ్చగా ఉన్నా, గుండ్రటి ముదురు చెట్ల తలలు దారి పొడుగునా అక్కడక్కడా విడిగా కనిపిస్తాయి. అవి వాల్‌నట్ చెట్లు. ఒక్కో చెట్టు పక్కన ఒక ఇల్లు ఉండేది.